చూసినంత మేరకే లెక్క

సైటు ఇంజనీరు గదిలోకి చిట్టి వెళ్ళింది ఒక సంతకం కోసం. సంతకం సంగతి ఆరోజు ఎవరికీ గుర్తు లేకుండా పోయింది.

తలుపు తోసేసరికి బల్లకు ఇవతల వెల్డింగ్ మేస్త్రీ నిలబడి ఉన్నాడు. కూర్చోమని ఎవరూ అనలేదో, అన్నా ఆయనే కూర్చోలేదో తెలీదు. తోలు చేతిజోళ్ళు రెండూ ఎడమచేతిలో పట్టుకుని, వాటి వేళ్ళను కుడిచేత్తో ఒక్కొక్కటే చక్కబెడుతున్నాడు. మామూలుగానే మాట తక్కువ మనిషి. ఇంకొకరు అరిచి చెప్పే సంగతి ఆయన కనుబొమలతో చెప్పేసి పనిలోకి వంగుతాడు. ఇప్పుడు ఆ కనుబొమలు కూడా కదలడం లేదు.

"స్టాంపు ఇటివ్వండి," అన్నాడు ఇంజనీరు, కంప్యూటరు మీంచి చూపు తిప్పకుండా.

ఆ సైటులో ప్రతి వెల్డరుకూ ఒక నంబరుంటుంది. ఆ నంబరు చెక్కిన ఉక్కు ముక్కను, పైపు అతుకు పూర్తయ్యాక దాని పక్కన ఆనించి సుత్తితో ఒక్క దెబ్బ వేస్తారు. ఆ గుర్తు పడితే అది ఫలానా మనిషి చేసిన పని. స్టాంపు లేనివాడు వెల్డింగ్ టార్చి ముట్టుకోవడానికి లేదు. ఇక్కడ స్టాంపు లాగేసుకున్నారన్న కబురు మరో సైటుకు మనిషి కంటే ముందే చేరుతుంది.

మేస్త్రీ చొక్కా జేబులోంచి దాన్ని తీశాడు. చొక్కా అంచుతో ఒకసారి తుడిచి బల్ల మీద పెట్టాడు.

"అన్నీనా సార్?" అని అడిగాడు.

"వాల్వుల దగ్గర మీరు చేసినవన్నీ. ఒక్కటీ మిగల్లేదు. మంగళవారం కోసి తీసేస్తున్నాం."

"నేను అన్నీ ఒకేలా చేశాను సార్."

"అన్నీ ఒకేలానే పోయాయి కూడా," అన్నాడు ఇంజనీరు. అని, తన మాట తనకే ముద్దొచ్చినట్టు చిన్నగా నవ్వాడు. ఆయన చెడ్డవాడేమీ కాదు. ఆవిరి లైను ఆలస్యమైతే పైవాళ్ళు ఆయన్ని కాల్చుకు తింటారు, ఆ వేడి ఎవరో ఒకరి మీదికి తిప్పాలి కదా. కానీ ఆ నవ్వు మాత్రం చిట్టికి ఒళ్ళు మండించింది. మేస్త్రీ ఆమె పక్కనుంచే బయటికి వెళ్ళాడు. దారి ఇస్తున్నట్టు ఆమె జరిగితే, ఆయన ఇంకా ఎక్కువ జరిగి, గోడకు రాసుకుంటూ వెళ్ళాడు.

ఆయన అలా ఒదిగిపోవడం ఆమెను మరింత కుంగదీసింది. ఎందుకంటే, ఆ అతుకులన్నీ పోయాయని చెప్పింది ఆమె లెక్కలే.

*

లెక్కలంటే జమాఖర్చులు కావు. అతుకు లోపల పగులుందో, కలవని చోటుందో పైనుంచి కంటికి కనిపించదు. ఆ వాల్వుల దగ్గర ఎక్స్‌రే ఫిల్ము పెట్టడానికి చోటు లేదు. అందుకని శబ్దంతో చూస్తారు. అరచేతిలో ఇమిడే ప్రోబుకు అడుగున దువ్వెన పళ్ళలాగా సన్నటి పలకలు వరసగా ఉంటాయి. ఒక్కొక్కటీ మన చెవికి అందని శబ్దాన్ని లోహంలోకి పంపుతుంది. అన్నిటినీ ఒకేసారి మోగిస్తే శబ్దం తిన్నగా పోతుంది. కంటికి చిక్కని తేడాతో ఒకదాని తర్వాత ఒకటి మోగిస్తే, అది మనం చెప్పిన వైపుకి వాలి, చెప్పిన చోట కూడుకుంటుంది. అక్కడ లోపమేదైనా ఉంటే తగిలి వెనక్కి వస్తుంది. ఏ పలక ఎప్పుడు మోగాలి, లోహంలో ఏ మూల శబ్దం ఎంత బలంగా ఉంటుంది అన్నది ముందుగా కంప్యూటరులో లెక్కగట్టి బొమ్మ గీసివ్వడం చిట్టి పని. బలంగా ఉన్నచోట ఎరుపు, లేనిచోట నీలం. ఆ బొమ్మ ప్రకారం సైటులో ప్రోబు పట్టుకుని అతుకుల చుట్టూ తిప్పేది ఆమె బావ.

సొంత బావే, అక్క మొగుడు. ఈ ఉద్యోగం సంగతి చెప్పి ఆమె చేత దరఖాస్తు పెట్టించింది ఆయనే. చేరిన మొదటివారం పెద్ద మీటింగులో ఆమె "సార్, ఈ కోణం చాలదేమో" అంటే, ఆయన అలవాటు కొద్దీ "చాలుతుందిలే చిట్టీ" అనేశాడు. అంతే, ఆమెకు పెట్టిన పేరు, చదివిన చదువు గాలికి పోయి, ఇంజనీరు దగ్గర్నుంచి క్రేను నడిపేవాడి దాకా అందరికీ ఆమె చిట్టి అయిపోయింది.

అక్కా బావా పైవాటాలో, ఆమె కిందివాటాలో ఉంటారు. భోజనం మాత్రం పైనే. ఆ సాయంత్రం కంచం ముందు కూర్చుని ఆమె కదిపి చూసింది.

"బావా, ఆ వాల్వుల దగ్గర ఇంకోసారి చూస్తే?"

"చూశాను."

"రెండోవైపు నుంచి కూడా?"

"అటు ప్రోబు పట్టదు. వాల్వు ఒంపు. నీకు తెలుసు కదా," అన్నాడు బావ. అన్నం కెలుకుతున్నాడు తప్ప తినడం లేదు.

"ఆయనంత బాగా చేసే మనిషి..."

"బాగా చేసేవాడు చెడగొట్టడా? అతుకు అడుగున మొదటి పొర దగ్గర ఎర్రగా కనబడుతుంటే కనబడలేదని రాయనా?" గొంతు పెంచలేదు గానీ కంచం పక్కకు తోశాడు.

అక్క ఇద్దరినీ చూసి, "ఇంట్లో పైపుల మాట వద్దని ఎన్నిసార్లు చెప్పాను," అంది. వంటింట్లోకి లాక్కెళ్ళి, గిన్నె కడుగుతున్నట్టు నీళ్ళు వదిలి, ఆ చప్పుడులో చిన్నగా చెప్పింది: "ఆయన్ని వదిలెయ్యి. వారం నించీ సరిగా తినడం లేదు. నువ్వు వేలెత్తి చూపిస్తే ఇల్లు రెండవుతుంది. నాకు పై వాటా కింది వాటా రెండూ కావాలి."

చిట్టి తలూపింది. బావకు తన మీదే కోపమని, మరదలు తన పనిలో వేలు పెడుతోందని ఆయన లోపల రగిలిపోతున్నాడని ఆమె లెక్క వేసుకుంది. మనుషుల విషయంలో ఆమె లెక్కలు అంతంతమాత్రం.

*

మర్నాడు పొద్దున్నే తుక్కు పోగేసే మూల మీదుగా వస్తుంటే మేస్త్రీ కనిపించాడు. టార్చి ముట్టుకోకూడదు గనుక ఆయనకు గ్రైండింగు పని అప్పచెప్పారు. నిన్నటిదాకా ఆయన కింద పనిచేసినవాళ్ళు అతికిన పైపుల అంచులు ఇప్పుడు ఆయన అరగదీయాలి. అది కాకుండా ఇంకేదో చేస్తున్నాడు. పాత పరీక్ష ముక్కలు, అంటే పనిలోకి దిగకముందు ఆయన అతికి చూపించిన ముక్కలు, ముందు గుట్టగా పోసుకున్నాడు. ఒక్కోదాన్ని వైసులో బిగించి, రంపంతో నిలువునా కోసి, కోసిన ముఖాన్ని గరుకు కాగితంతో నున్నగా రుద్ది, వెలుతురులో తిప్పి తిప్పి చూస్తున్నాడు.

"ఏమైనా కనబడిందా మేస్త్రీగారూ?" అని అడిగింది, ఏదో ఒకటి అడగాలి గనుక.

"ఏమీ లేదమ్మా. బాగానే ఉంది." ఆ ముక్కను పక్కనపెట్టి ఇంకోటి బిగించాడు. "అందుకే భయమేస్తోంది. చేస్తున్నప్పుడు బాగుందనిపించింది. కోస్తే బాగుంది. అక్కడేమో మొత్తం పోయాయంటున్నారు. లోహం కరిగి రెండంచులూ కలిసినప్పుడు నాకు తెలుస్తుంది, కళ్ళద్దంలోంచి చూస్తుంటే. తెలుస్తుందనే ఇన్నాళ్ళూ అనుకున్నాను."

"ఒంట్లో బాగుంటోందా?"

"నిన్న సాయంత్రమే కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చాను. కళ్ళు బాగున్నాయన్నాడు. మా ఆవిడ చెయ్యి చాపమంది, వణుకుతోందేమోనని. వణకడం లేదు." రెండు చేతులూ చాపి చూపించాడు. నిజంగానే వణకడం లేదు. కానీ ఆయన వాటిని చూసుకున్న తీరు చూస్తే, ఎవరో దాచమని ఇచ్చిన వస్తువులను చూసుకుంటున్నట్టుంది.

ఆయన కోపంగా ఉన్నా, తిట్టినా బాగుండేది. ఈ మనిషి స్టాంపు కంటే పెద్దదేదో పోగొట్టుకుంటున్నాడు, అది చిట్టి కళ్ళముందే పోతోంది. ఆమె ఆఫీసులోకి వచ్చి పడింది.

కుర్చీలో కూర్చున్నాక ఇంజనీరు పుల్లవిరుపు మాటే చెవిలో రొద పెట్టింది. అన్నీ ఒకేలా పోయాయి. ఆ మాటలోని వెటకారం పోయి, మెల్లిగా మాట మాత్రం మిగిలింది.

బావ తీసిన చిత్రాలన్నీ తెర మీద తెరిచింది. ఒకదాని మీద ఒకటి, పల్చటి కాగితాలు పేర్చినట్టు పేర్చింది. ప్రతి చిత్రంలోనూ అతుకు అడుగున ఎర్రటి మచ్చ ఉంది. అన్నీ పేర్చినా మచ్చ వెడల్పు కాలేదు. ఒక్కటే మచ్చ ఉన్నట్టుంది. లోతు అదే, దూరం అదే, పైపు చుట్టూ తిరిగి వచ్చినా అదే చోట, గీత గీసినట్టు.

చిట్టి కుర్చీలో వెనక్కి వాలింది. మనిషి చేసే తప్పు ఇలా ఉండదు. ఒకచోట చెయ్యి జారుతుంది, ఇంకోచోట తొందరపడుతుంది, మరోచోట కిందికి పడుకుని మెడ పట్టేసి ఆగుతుంది. నిలబడి చేసిన చోటా, పడుకుని చేసిన చోటా ఒకే తప్పు, ఒకే లోతున చేయాలంటే అసాధ్యమైన ఓపిక కావాలి. ఇది చేతిపని కాదు. చేతిపని కాకపోతే యంత్రం పని. యంత్రానికి చెప్పింది తను.

ఆ మాట తట్టగానే కుర్చీ ముందుకు లాక్కుంది.

ఈ అతుకులు చూడడం మొదలుపెట్టేముందు, ఒక వాన సాయంత్రం ఇంటి మెట్ల మీద బావ చెప్పిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ప్రోబును నడిపే పెద్ద యంత్రాన్ని బాగుచేయించడానికి పంపారు, తెచ్చుకున్న యంత్రం సగం పలకలనే మోగించగలదు, అందుకని ఒకటి విడిచి ఒకటి మోగిస్తున్నాం, వెడల్పు తగ్గకుండా ఉంటుంది, ఫరవాలేదా, అని అడిగాడు. తడిసిన గొడుగు దులుపుకుంటూ ఆమె ఫరవాలేదంది. ఊరికే అనలేదు, కిందికి వెళ్ళి లెక్కకట్టి మరీ అంది. శబ్దం చెప్పినచోటే కూడుకుంది. బొమ్మ ముచ్చటగా వచ్చింది.

ఎక్కడిదాకా లెక్కకట్టింది? అతుకు చుట్టూ చిన్న చదరం గీసి, ఆ చదరంలో మాత్రం. ఈ పనిలో ఉన్నవాళ్ళందరూ చేసేదే అది. ప్రతి పలకనూ వందల చుక్కలుగా విడగొట్టి, ప్రతి చుక్కనుంచి లోహంలోని ప్రతి చోటికీ శబ్దం ఎంతసేపట్లో చేరుతుందో కూడుకుంటూ పోవాలి. మొత్తం లోహానికి చేస్తే కంప్యూటరు రోజంతా మూలుగుతుంది. అందుకని ఎక్కడ చూడాలనుకుంటామో అక్కడికే లెక్క కడతాం. చూడని చోట ఏమీ లేదనుకుంటాం.

పలకల మధ్య ఎడం పెరిగితే శబ్దానికి రెండో దారి దొరుకుతుంది. చెప్పిన వైపు కొంత, చెప్పని వైపు కొంత పోతుంది. ఈ సంగతి చిట్టికి తెలియనిది కాదు. పరీక్షలో రాసి మంచి మార్కులు తెచ్చుకుంది. బహుశా మార్కులు రాగానే అది పరీక్షకు సంబంధించిన సంగతైపోయింది.

చదరాన్ని చెరిపేసింది. ప్రోబు కింద ఉన్న లోహమంతటికీ, వాల్వు మందపాటి గోడతో సహా, లెక్క మొదలుపెట్టింది. వాల్వు గోడ పైపు కంటే మందం. రెండూ కలవడానికి వీలుగా వాల్వు లోపలి అంచును కొంతమేర చెక్కి పల్చన చేస్తారు. అలా చెక్కడం ఆగిపోయినచోట లోపల చిన్న మెట్టు మిగులుతుంది. మామూలు పైపులకు ఆ మెట్టు ఉండదు. వాల్వుల దగ్గరే ఉంటుంది. వాల్వుల పని కష్టమని అందరికంటే చేయి తిరిగినవాడికే ఇచ్చారు.

కంప్యూటరు బుసలు కొడుతూ పనిచేసింది. చిట్టి లేచి నీళ్ళు తాగింది, కూర్చుంది, మళ్ళీ లేచింది. పొద్దు వాలే వేళకు తెర మీద బొమ్మ పూర్తయింది. అతుకు దగ్గర ఎప్పటి ఎరుపే ఉంది. దానికి దూరంగా, ఇన్నాళ్ళూ చదరం బయట ఉండిపోయిన చోట, ఇంకో ఎర్రటి పాయ దాదాపు నిటారుగా దిగి సరిగ్గా మెట్టు మూల మీద పడింది. అటు మెట్టుదాకా, ఇటు అతుకుదాకా, రానూ పోనూ పట్టే సమయం ఇంచుమించు ఒకటే. వచ్చిన శబ్దం ఏ దారిన వచ్చిందో యంత్రానికి తెలీదు, మనం చెప్పిన దారినే వచ్చిందనుకుంటుంది. మెట్టును తీసుకెళ్ళి అతుకు మీద పెట్టింది.

సంతోషించబోయి ఆగింది. ఇలాంటి దొంగ పాయలు లెక్కలో కూడా పుడతాయి. పలకలను విడగొట్టిన చుక్కలు మరీ దూరంగా ఉంటే, లోహంలో లేని దెయ్యం కూడా తెర మీద లేచి కూర్చుంటుంది. కొత్తగా చేరినప్పుడు అలాంటి దెయ్యాన్ని చూసి ఆఫీసంతా పరుగులు పెట్టించి నవ్వులపాలైంది కూడా. ఇప్పుడు ఒక మనిషి బతుకు ముడిపడి ఉంది. చుక్కలను ఇంకా దగ్గరగా పేర్చి, రేపటికి పూర్తయ్యేలా మళ్ళీ లెక్క మొదలుపెట్టి ఇంటికి వెళ్ళింది.

మర్నాడు వచ్చి చూస్తే పాయ అక్కడే ఉంది. ఇంకొంచెం సన్నబడి, ఇంకొంచెం స్పష్టంగా ఉంది. హమ్మయ్య అనుకోవాలో, అయ్యో అనుకోవాలో చిట్టికి తేలలేదు. మేస్త్రీ తప్పు లేదు. తప్పు తనది, బావది. బావకు చెప్పాలి.

*

ఆదివారం బావ మేడ మెట్ల మీద కూర్చుని పాత బూట్లకు రంగు వేస్తున్నాడు. చిట్టి లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని రెండు మెట్లు కింద కూర్చుంది. పైన కిటికీలో అక్క నీడ కనబడింది, అంటే వింటోంది.

"బావా, నేను ఒక తప్పు చేశాను," అని మొదలుపెట్టింది. రాత్రంతా కూర్చుకున్న మాటలు అంతటితో అయిపోయాయి. మిగతాది బొమ్మే చెప్పాలని తెర ఆయనవైపు తిప్పింది.

బావ బ్రష్షు పట్టుకునే చూశాడు. మెట్టు దగ్గర పడిన ఎరుపును చూశాడు. అతుకు దగ్గరున్న ఎరుపును చూశాడు. మధ్య దూరాన్ని వేళ్ళతో కొలిచాడు. తెరకు నల్లరంగు అంటుకుంది.

"ఒకటి విడిచి ఒకటి పెట్టింది నేను," అన్నాడు.

"ఫరవాలేదన్నది నేను."

"అడిగినవాడికి ఆలోచన ఉండొద్దా? మెట్టేమోనని నాకు అనుమానం వచ్చింది చిట్టీ. మెట్టునుంచి వచ్చేదైతే ఆ కోణంలో అక్కడ కనబడదు, లెక్క కుదరదు. అందుకని ఆ అనుమానాన్ని కొట్టేశాను. రెండో దారి ఉందని తట్టలేదు." బ్రష్షు పక్కనపెట్టాడు. మోచేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని వంగిపోయాడు. చిట్టి ఆయన కేకలేస్తాడేమోనని చూస్తోంది. ఆయన భుజాలు కదిలాయి. తల ఎత్తేసరికి నవ్వుతున్నాడు, కళ్ళలో నీళ్ళున్నాయి.

"వారం నించీ నాకు అన్నం దిగడం లేదే. ఆయన చేసిన అతుకు మీద చెయ్యి పెట్టి చూశావా ఎప్పుడైనా? పైన అంత ముచ్చటగా ఉన్నది లోపల అంత పాడై ఉంటుందంటే నమ్మబుద్ధి కాలేదు. కానీ యంత్రం చూపిస్తుంటే నా ఇష్టం కొద్దీ లేదని ఎలా రాస్తాను? రాసి సంతకం పెట్టాను. పెట్టినప్పట్నించీ దొంగలా తిరుగుతున్నాను."

"నా మీద కోపమనుకున్నాను," అంది చిట్టి.

"నీ మీదా? నీ మీద కోపమొస్తే నీ మొహానే అడిగేస్తాగా."

ఇన్నాళ్ళూ ఒకే ఇంట్లో, ఒకే బల్ల దగ్గర, ఇద్దరూ ఒకే ముల్లు గొంతులో పెట్టుకుని ఒకరికొకరు మొహం చాటేశారన్నమాట. పైన కిటికీలోంచి అక్క, "మీ తప్పులు తేల్చుకోవడం అయితే పైకి రండి, అన్నం చల్లారిపోతోంది," అంది. బావ ఆ పూట రెండోసారి వడ్డించమన్నాడు.

*

సోమవారం పొద్దున ఇంజనీరు వాళ్ళ మాట సగం వినేసరికే తల పట్టుకున్నాడు.

"కోసే మనుషులను రేపటికి పిలిపించాను. ఇప్పుడు మీ బొమ్మ మారిందని వచ్చారు. ఎవరిది పొరపాటు?"

"సెట్టింగు నాది," అన్నాడు బావ.

"లెక్క నాది," అంది చిట్టి, అదే క్షణంలో.

ఇంజనీరు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. పొరపాటు నాది కాదనేవాళ్ళను చూశాడు గానీ, నాదంటే నాదని పోటీపడేవాళ్ళు ఆయనకెప్పుడూ తగల్లేదు. "సరే, చూపించండి," అని హెల్మెట్టు తీసుకుని లేచాడు.

వాల్వు దగ్గర బావ మోకాళ్ళ మీద కూర్చున్నాడు. శబ్దం లోహంలోకి దిగడానికి జెల్ పూసి, ప్రోబు పెట్టి, ముందు పాత పద్ధతిలోనే నడిపాడు. మచ్చ తెర మీద ఎర్రగా వెలిగింది. ప్రోబు కదపకుండా, విడిచి విడిచి మోగించడం మాని, పక్కపక్కనే ఉన్న పలకలను మాత్రం మోగించేలా మార్చాడు. వెడల్పు సగమవుతుంది, బొమ్మ కొంచెం మొద్దుబారుతుంది, కానీ పలకల మధ్య ఎడం ఉండదు. శబ్దానికి రెండో దారి ఉండదు.

మచ్చ పోయింది.

బావ ప్రోబును పైపు చుట్టూ మెల్లిగా తిప్పుకుంటూ, కిందికి వచ్చేసరికి వీపు మీద పడుకుని మరీ పూర్తిగా చూశాడు. ఎక్కడా లేదు. ఇంజనీరు తన హెల్మెట్టు తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. "ఇంకోటి చూడండి," అన్నాడు. గొంతు మారింది. ఇంకోటీ శుభ్రంగా ఉంది. దాని తర్వాతదీ అంతే. నాలుగోదాని దగ్గరకు వచ్చేసరికి ఇంజనీరే వంగి జెల్ డబ్బా అందిస్తున్నాడు. కోసేవాళ్ళకు ఫోను చేసి రావద్దని చెప్పాడు. ఆ తర్వాత మేస్త్రీ స్టాంపు ఆయనకు పంపించమని ఎవరికో చెప్పి, అంతలోనే "కాదు, నేనే ఇస్తాను," అని ఆఫీసువైపు గబగబా వెళ్ళిపోయాడు.

గోడవారగా ఉన్న ఆఖరి వాల్వు ఒక్కటే మిగిలింది. అక్కడ బావ చేతికి కూడా చోటు సరిపోలేదు. పక్కకు ఒరిగి, చెయ్యి వెనక్కి పెట్టి తిప్పాడు. పాత మచ్చ పోయింది. కానీ వెనకవైపు, కొంచెం కిందుగా, తెర మీద చిన్న మెరుపొకటి వచ్చింది. వెనక్కి జరిపితే పోయింది. ముందుకు జరిపితే వచ్చింది. గీత గీసినట్టు లేదు. ఒక కొస లోతుగా, ఒక కొస పైకి, వంకరగా ఉంది.

"ఇది దెయ్యం కాదు," అన్నాడు బావ మెల్లిగా.

చిట్టి మొహం వాడిపోయింది. అన్నీ బాగున్నాయని పరిగెత్తుకుంటూ వెళ్ళి చెప్పాలని ఆమె పొద్దుటినుంచీ మనసులో పరుగెడుతోంది. ఈ ఒక్కటీ లేకపోతే ఎంత బాగుండేది అనుకుంది. చూడనట్టు వదిలేస్తే ఎలా ఉంటుందన్న ఆలోచన కూడా ఒక్క క్షణం వచ్చి, సిగ్గుపడి తనే వెళ్ళిపోయింది.

"నేను చెప్తాను," అన్నాడు బావ.

"వద్దు బావా. బొమ్మ నేనే చూపిస్తాను."

*

మేస్త్రీ తుక్కు మూలలోనే ఉన్నాడు. ఇంజనీరు వచ్చి వెళ్ళినట్టున్నాడు. స్టాంపు జేబులో చేరింది గానీ ఆయన మొహంలో పండగేమీ లేదు. పైపు ముక్క మీద కూర్చుని, ఎదురుగా ఉన్న ఖాళీ జాగాను చూస్తున్నాడు. చిట్టిని చూసి లేవబోతే ఆమె వద్దని, పక్కనే ఇంకో ముక్క మీద కూలబడింది.

"సార్ చెప్పారు. యంత్రంలో ఏదో తేడా వచ్చిందట," అన్నాడు.

"యంత్రంలో కాదు మేస్త్రీగారూ. మాలో వచ్చింది. నేను లెక్క పూర్తిగా కట్టలేదు. మిమ్మల్ని చాలా బాధపెట్టాం."

ఆయన చెయ్యి అడ్డంగా ఊపాడు, పోనీయమన్నట్టు. కానీ తేలికపడినట్టు లేదు. అంతా పోయిందన్నప్పుడు ఎలా నమ్మలేకపోయాడో, అంతా బాగుందంటే కూడా అలాగే నమ్మలేకపోతున్నాడని చిట్టికి అర్థమైంది. నిన్న ఆ బొమ్మ, ఇవాళ ఈ బొమ్మ. మధ్యలో ఆయన చెయ్యి ఏం చేసిందో ఎవరు చెప్పాలి?

"అన్నీ బాగున్నాయి," అంది. "ఒక్కటి తప్ప. అది మాత్రం నిజంగానే ఉంది. రెండు రకాలుగా చూశాం."

ఆయన తల తిప్పాడు. "ఏది?"

"గోడవారగా ఉన్న వాల్వుది."

"వెనకవైపా?"

"వెనకవైపే."

"కొంచెం కిందికి. చెయ్యి పైకి ఎక్కేచోట." అది ప్రశ్నలా లేదు.

చిట్టి లాప్‌టాప్ తెరిచి చూపించింది. ఆయన తెర మీదికి వంగి, ఆ వంకర గీతను చాలాసేపు చూశాడు. మొద్దుబారిన వేలితో, తెరకు తగలకుండా, దాని వెంబడే ఒకసారి గాలిలో గీశాడు. అలా గీస్తుంటే ఆయన మణికట్టు టార్చి పట్టుకున్నప్పటిలాగే తిరిగింది.

"అక్కడ తల దూరదమ్మా. అద్దం అమర్చుకుని, అద్దంలో చూస్తూ చేశాను. అద్దంలో అన్నీ తిరగబడి ఉంటాయి కదా. ఎక్కాల్సిన చోట చెయ్యి ఒక్క క్షణం దిగింది. వెంటనే సర్దుకున్నాను. కలిసిందనే అనుకున్నాను, కానీ మనసులో కొంచెం పీకుతూనే ఉంది. ఆ పూట ఇంటికి వెళ్ళి మా ఆవిడతో కూడా అన్నాను."

"కోపం రాలేదా మీకు?" అని అడిగింది చిట్టి.

అప్పుడు నవ్వాడు. ఆయన నవ్వగా ఆమె చూడడం అదే మొదలు. ముందు పళ్ళు కొంచెం ఎత్తు.

"అన్నీ పోయాయన్నారు చూడండి, అప్పుడు ఆ చెయ్యి నాది కాదేమో అనిపించింది. తిరిగొచ్చి అన్నీ బాగున్నాయంటే, అదీ నాదనిపించలేదు. ఎవరో పారేసి ఎవరో ఇచ్చినట్టుంది." తెర మీది గీతను గడ్డంతో చూపించాడు. "ఇదైతే నాదే."

చిట్టికి కళ్ళు చెమర్చాయి. దాచుకోవాలనిపించలేదు. ఆయన అది గమనించనట్టే లేచి, మోకాళ్ళు దులుపుకుని, ఎంత పొడవుందని అడిగాడు. ఆమె బొటనవేలి గోరు చూపించింది.

"అంతేనా," అన్నాడు మేస్త్రీ. గ్రైండరు తీగ చుట్టుకుంటూ, "పదండమ్మా, ఎక్కడిదాకా అరగదీయాలో మీ బావగారిని సుద్దతో గీత గీయమనండి," అని వాల్వులవైపు నడిచాడు.